‘వంశంలో ఉంది’ అంటే సరిపోతుందా?

బి.పి. ఉందనో, గుండె జబ్బు ఉందనో తేలిన స్త్రీ డాక్టరు గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు ఆమె చేతిలో ఒక మందుల చీటీ, చెవిలో ఒక మాట ఉంటాయి. ‘మీ వంశంలో ఉందమ్మా’ అనేదే ఆ మాట. అది అబద్ధమేమీ కాదు. కానీ ఇంటికి చేరేసరికి దాని అర్థం మారిపోతుంది. అత్తగారింట్లో అది ‘నీ పుట్టింటి జబ్బు’ అవుతుంది. పెళ్ళి సంబంధాల దగ్గర ‘ఆ ఇంట్లో గుండె జబ్బులున్నాయట’ అవుతుంది. ఇన్సూరెన్సు కంపెనీ చేతిలో క్లెయిము తిరస్కరించే షరతు అవుతుంది. ప్రభుత్వానికైతే ‘మా చేతుల్లో ఏముంది’ అని తప్పుకోవడానికి ఒక సాకు అవుతుంది. ఒక వైద్య విషయం ఇన్ని చోట్ల ఇన్ని పనులు చేస్తున్నప్పుడు, హక్కుల గురించి మాట్లాడే మనం దాన్ని డాక్టర్లకే వదిలేసి ఊరుకోవడం తగదు.

నిజానికి మనం చాలాకాలం అలాగే ఊరుకున్నాం. స్త్రీల ఆరోగ్యం అంటే మన ఉద్యమాల్లోనూ ముందు గుర్తుకొచ్చింది గర్భసంచే. దానికి బలమైన కారణాలున్నాయి. కుటుంబ నియంత్రణ పేరిట ప్రభుత్వం చేస్తున్న దౌర్జన్యాన్ని ఎదుర్కోవలసి వచ్చింది. పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజెక్షన్ పరీక్షలు స్త్రీలకు సరైన సమాచారం ఇవ్వకుండా జరుగుతున్నాయని తెలిశాక స్త్రీశక్తి సంఘటన, సహేలి వంటి సంఘాలు 1986లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. ఆ పోరాటాల విలువ తక్కువేమీ కాదు. అయితే స్త్రీని గర్భసంచిగానే చూసే వైద్యవ్యవస్థతో తలపడుతూ మనం కూడా ఆమె శరీరంలో మిగతా భాగాల వైపు అంతగా చూడలేదు. ఈలోగా పరిస్థితి మారిపోయింది. ప్రపంచంలోనూ, మన దేశంలోనూ స్త్రీల మరణాలకు ఇవాళ మొదటి కారణం గుండె, రక్తనాళాల జబ్బులే. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాల కారణాలను ఇంటింటికీ వెళ్ళి నమోదు చేస్తే నూటికి 32 మరణాలు ఈ జబ్బుల వల్లే అని తేలింది. ‘డబ్బున్న వాళ్ళ జబ్బు, పట్నం జబ్బు, మగవాళ్ళ జబ్బు’ అనుకుంటూ వచ్చిన మూడు మాటలూ తప్పే.

ఇంతకీ వంశం అంటే ఏమిటి? మన సమాజంలో వంశం అంటే మగవాళ్ళ వరస. తాత, తండ్రి, కొడుకు. ఇంటిపేరు అటే పోతుంది, ఆస్తి అటే పోతుంది. జన్యువులు మాత్రం ఈ పద్ధతిని పాటించవు. అవి సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. కొడుకుకైనా కూతురికైనా అంతే. ఇది చిన్న తరగతుల పాఠమే. అయినా ఆసుపత్రిలో ‘మీ ఇంట్లో ఎవరికైనా గుండెపోటు వచ్చిందా’ అని అడిగినప్పుడు వచ్చే జవాబులు గమనించండి. నాన్నకు వచ్చింది, అన్నయ్యకు వచ్చింది, చిన్నాన్న అలాగే పోయాడు అంటారు. అమ్మ ఎలా పోయిందంటే మాత్రం ‘నీరసపడిపోయింది, ఆయాసంతో పోయింది, వయసైపోయింది’ అంటారు. ఆ అమ్మకు ఎవరూ ఇ.సి.జి. తీయలేదు. బి.పి. చూసిన వాళ్ళు లేరు. కాబట్టి ఆమె జబ్బుకు పేరు లేదు. పేరు లేని జబ్బు వంశచరిత్రలోకి ఎక్కదు. వైద్యులు రాసుకునే కుటుంబ చరిత్ర సైతం చాలా ఇళ్ళలో సగం చరిత్రే.

జన్యువులకు పాత్ర లేదని నేను అనడం లేదు. కొన్ని జబ్బుల్లో అది చాలా స్పష్టం. రక్తంలోని కొలెస్ట్రాల్‌ను కాలేయం లోపలికి లాగేసుకోవడానికి కణాల మీద ఒక రకం గ్రాహకాలుంటాయి. వాటిని తయారుచేసే జన్యువు దెబ్బతింటే పుట్టినప్పటి నుంచే కొలెస్ట్రాల్ పేరుకుపోతూ ఉంటుంది. ఈ రహస్యం కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. ప్రతి 500 మందిలో ఒకరికి ఈ లోపం ఉంటుందని అప్పట్లో అనుకునేవారు. ఇప్పుడు దాదాపు 250, 300 మందిలో ఒకరికి ఉంటుందంటున్నారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. ఇద్దరి నుంచీ వస్తే పసితనంలోనే గుండెపోటు రావచ్చు. మేనరికాలు, మేనమామ పెళ్ళిళ్ళు ఎక్కువగా ఉన్న మన ప్రాంతాల్లో ఈ రెండో ప్రమాదం గురించి ప్రత్యేకంగా మాట్లాడుకోవలసిందే. ఇలాంటి ఇంట్లో వంశం గురించి అడగడం ప్రాణాలు కాపాడే ప్రశ్న. ఒకరికి ఉందని తెలిస్తే తోబుట్టువులందరికీ, పిల్లలందరికీ ఒక్క రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు, చవకైన మందులతో దశాబ్దాల ఆయుష్షు నిలబెట్టవచ్చు. ఆ పరీక్ష అబ్బాయిలకు మాత్రమే చేయించి, ‘అమ్మాయికి చేయిస్తే పెళ్ళి కాదు’ అని ఊరుకునే ఇళ్ళున్నంతకాలం అది వైద్య సమస్యగా మాత్రమే మిగలదు.

మన హైదరాబాదుకు సంబంధించిన సంగతి ఇంకొకటుంది. ఇక్కడి సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు, ఇతర సంస్థల వారు కలిసి చేసిన ఒక పరిశోధన 2009లో వెలువడింది. గుండె కండరానికి అవసరమైన ఒక ప్రొటీను జన్యువులో 25 అక్షరాలు లోపించడం దక్షిణాసియా వాళ్ళలో నూటికి నలుగురిలో కనబడుతుందనీ, దానివల్ల వయసు పెరిగే కొద్దీ గుండె కండరం బలహీనపడే ప్రమాదం హెచ్చుతుందనీ వాళ్ళు చూపించారు. అది ముఖ్యమైన శాస్త్ర విషయం. కానీ జనంలోకి వచ్చేసరికి అది ‘భారతీయుల గుండెలే బలహీనం’ అనే మాటగా మారింది. ఆ లోపం ఉన్న వాళ్ళందరికీ జబ్బు రాదు. పైగా అది కండరానికి వచ్చే జబ్బు. మన చుట్టూ ఎక్కువగా చూసే గుండెపోటు రక్తనాళాలు పూడుకుపోవడం వల్ల వచ్చేది. రెంటినీ కలిపేసి ‘మన జన్యువులే అంత’ అనడం శాస్త్రం కాదు.

ఇక బి.పి. సంగతి. అధిక రక్తపోటుకు ఒక జన్యువు అంటూ లేదు. ఒకే జన్యువు వల్ల వచ్చేవి ఏవో అరుదైన రకాలు తప్పితే, మిగతా వాళ్ళలో వందలాది జన్యు తేడాలు తలా కాస్త చేయి వేస్తాయి. ఒక్కొక్కటి రక్తపోటును మార్చేది ఒక మిల్లీమీటరు, తరచుగా అంతకన్నా తక్కువ. ఆ తేడాలు ఎక్కువ పోగుపడిన వాళ్ళకు ప్రమాదం ఎక్కువే. అయితే అవే జన్యువులు వేరే జీవితంలో ఏం చేస్తాయన్నది చూడాలి. ఇందుకు మన దేశం బయటి ఉదాహరణ ఒకటి చెప్తాను. అమెరికాలో నల్లజాతి వాళ్ళలో బి.పి. ఎక్కువ. అది వాళ్ళ జాతి లక్షణమనీ, బానిస ఓడల్లో ఉప్పును ఒంట్లో నిలుపుకోగలిగిన వాళ్ళే బతికారు కాబట్టి ఇలా అయిందనీ ఒక కథే అల్లారు. రిచర్డ్ కూపర్ బృందం 1997లో ఏం చేసిందంటే, పశ్చిమాఫ్రికా మూలాలున్న జనాన్నే ఏడు చోట్ల ఒకే పద్ధతిలో పరీక్షించింది. పశ్చిమాఫ్రికా పల్లెల్లో నూటికి 15 మందికి అటూ ఇటూగా, కరీబియన్ దీవుల్లో 26 మందికి, షికాగో దగ్గర 33 మందికి బి.పి. ఉన్నట్టు తేలింది. మూలం ఒకటే. మారింది తిండి, బరువు, పని, పక్కవాళ్ళు వాళ్ళను చూసే చూపు. జాతిని చూపించి జబ్బును సమర్థించడం ఎవరికి లాభమో కులం సంగతి తెలిసిన మనకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

దక్షిణాసియా గురించి కూడా ఇలాంటి లెక్కే ఉంది. సలీం యూసఫ్ నాయకత్వంలో 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో వచ్చింది. పొగాకు, కొలెస్ట్రాల్, బి.పి., షుగరు, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి, పళ్ళూ కూరగాయలూ లేకపోవడం, వ్యాయామం లేకపోవడం, మద్యం విషయం. ఈ తొమ్మిది అంశాలే మొదటి గుండెపోటు ప్రమాదంలో పురుషుల్లో 90 శాతాన్ని, స్త్రీలలో 94 శాతాన్ని వివరిస్తాయని అది చెప్పింది. వీటికి కుటుంబ చరిత్రను కూడా కలిపితే మొత్తం లెక్క పెరిగింది ఒక్క శాతమే. మన దక్షిణాసియా వాళ్ళకు మిగతా వాళ్ళకన్నా దాదాపు ఆరేళ్ళు ముందుగా గుండెపోటు వస్తున్న మాట నిజమే. ఎందుకని చూస్తే, పై అంశాలు మన దగ్గర చిన్న వయసులోనే కనబడుతున్నాయని 2007లో తేలింది. వంశం మాట కొట్టివేయాలని కాదు. కుటుంబంలో నడిచేవన్నీ జన్యువులు కావని గుర్తుంచుకోవాలి. ఒకే పొయ్యి, ఒకే పచ్చడి జాడీ, ఒకే అప్పు, ఒకే తాగుబోతు తండ్రి ఆ ఇంట్లో అందరికీ వారసత్వమే.

ఈ తొమ్మిది అంశాల జాబితాను కూడా యథాతథంగా నెత్తిన పెట్టుకోవద్దు. ‘రోజూ నడవండమ్మా, పళ్ళు తినండి, టెన్షన్ పెట్టుకోకండి’ అని సలహా ఇచ్చే వాళ్ళకు ఆమె ఏ వేళలో నడవాలో, పళ్ళు ఎవరి డబ్బుతో కొనాలో, ఆ టెన్షన్ ఎవరు పెడుతున్నారో అక్కర్లేదు. ఇంట్లో అందరూ తిన్నాక అడుగున మిగిలిన అన్నంలో ఆవకాయో, ఉప్పుమిరపకాయో నంజుకుని తినే ఆమెకు ఉప్పు తగ్గించమని చెప్పడం తేలిక. కూర మిగల్చమని ఇంట్లో వాళ్ళకు చెప్పడమే కష్టం. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో బీడీలు చుట్టే స్త్రీలు రోజంతా కూర్చుని పొగాకు దుమ్ము పీలుస్తారు. కట్టెల పొయ్యి దగ్గర పొగ అదనం. శ్రీకాకుళం వైపు అడ్డపొగ తాగే ముసలమ్మల గురించి నవ్వుతూ చెప్పుకుంటారు గానీ అది నోటికే కాదు, గుండెకూ చేటే.

జీవసంబంధమైన కారణాల్లో స్త్రీలకే ప్రత్యేకమైనవి కొన్నున్నాయి. మనం పట్టుదలగా తెలుసుకోవలసింది వాటినే. వాటి గురించి ఇంత ఆలస్యంగా తెలియడానికీ ఒక చరిత్ర ఉంది. అమెరికాలో ఆస్పిరిన్ గుండెపోటును ఆపుతుందా అని 22,071 మంది డాక్టర్ల మీద పెద్ద పరీక్ష చేశారు. అందులో ఒక్క స్త్రీ లేదు. అంతకుముందు కొలెస్ట్రాల్, బి.పి., పొగ మీద 12,866 మందితో చేసిన ఇంకో పెద్ద పరీక్షలోనూ అందరూ మగవాళ్ళే. గర్భం దాల్చే వయసున్న స్త్రీలను మందుల తొలి దశ పరీక్షల్లోకి తీసుకోవద్దని అక్కడి మందుల నియంత్రణ సంస్థ 1977లో చెప్పింది. కడుపులో బిడ్డను కాపాడే పేరిట పెట్టిన ఆ నియమం తల్లి గుండెను శాస్త్రం లెక్కలోంచే తీసేసింది. అది 1993లో పోయింది. ప్రభుత్వ డబ్బుతో జరిగే పరీక్షల్లో స్త్రీలను చేర్చుకోవాలని అక్కడ చట్టమూ ఆ ఏడాదే వచ్చింది. దాదాపు 40 వేల మంది స్త్రీల మీద ఆస్పిరిన్‌ను పరీక్షించిన ఫలితాలు 2005లో వచ్చాయి. ఆస్పిరిన్ వాళ్ళలో పక్షవాతాన్ని తగ్గించింది గానీ మొదటి గుండెపోటును తగ్గించలేదు. అంటే మగవాళ్ళ మీద తేలినదాన్ని స్త్రీలకు అతికించడం తప్పని అర్థం.

1991లో బెర్నడీన్ హీలీ అనే హృద్రోగ నిపుణురాలు ఈ వివక్షకు ‘యెంట్ల్ సిండ్రోమ్’ అని పేరు పెట్టింది. చదువుకోవడం కోసం మగవేషం వేసుకున్న యూదు అమ్మాయి కథలోని పేరది. స్త్రీకి మగవాడిలాగా స్పష్టంగా, తీవ్రంగా జబ్బు ఉందని తేలితేనే మగవాడికి చేసే వైద్యం ఆమెకూ చేస్తున్నారని హీలీ విమర్శ. మన దగ్గర ఆ వేషం కూడా పని చేయదేమో! ఛాతీ నొప్పి స్త్రీలకూ వస్తుంది. దానితోపాటు ఆయాసం, వికారం, దవడలోనో వీపులోనో నొప్పి, అంతులేని నీరసం వాళ్ళలో ఎక్కువ. ఇవి చెప్పుకుంటే గ్యాస్ అంటారు, రక్తం తక్కువ అంటారు, ‘మెనోపాజ్ కదా’ అంటారు, మనసులో ఏదో బాధ ఉందంటారు. ఆఖరికి పెద్దాసుపత్రికి చేరేసరికి విలువైన గంటలు గడిచిపోతాయి.

బహిష్టులు ఆగిపోయే దాకా స్త్రీలకు ఈస్ట్రోజెన్ హార్మోను కొంత రక్షణ ఇస్తుందనీ, అందుకే గుండెపోటు వాళ్ళకు పురుషులకన్నా తొమ్మిది పదేళ్ళు ఆలస్యంగా వస్తుందనీ అంటారు. ఈ మాటను మందుల కంపెనీలు బాగా వాడుకున్నాయి. జీవితాంతం హార్మోను మాత్రలు మింగితే గుండె పదిలం అని పాశ్చాత్య దేశాల్లో దశాబ్దాలపాటు అమ్మారు. చివరికి 16,608 మంది స్త్రీల మీద సరైన పద్ధతిలో పరీక్షిస్తే, రెండు హార్మోన్లు కలిపి ఇచ్చిన వాళ్ళలో గుండెపోటు, రొమ్ము క్యాన్సర్ తగ్గకపోగా పెరిగాయి. 2002లో ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. జీవశాస్త్రంలోని అర్ధసత్యం మార్కెట్టులోకి వెళితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

ఇక్కడ మన రాష్ట్రాల సంగతికి రావాలి. ప్రకృతి ఇచ్చిన ఆ కాస్త రక్షణను మన దగ్గర కత్తితో తీసేస్తున్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేసిన వాళ్ళు దేశంలో 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. తెల్లబట్ట అయినా, నడుంనొప్పి అయినా ‘తీసేస్తే పోతుంది, లేకపోతే క్యాన్సర్ వస్తుంది’ అని భయపెట్టి ముప్పై నలభై ఏళ్ళ లోపే తీసేస్తున్నారు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారా లేదా అన్నది చాలామందికి తెలియదు. చీటీ మీద రాసి ఉన్నా చదివి చెప్పిన వాళ్ళుండరు. రెండు అండాశయాలూ ముందే తీసేస్తే, హార్మోన్లు కూడా ఇవ్వకపోతే, గుండె జబ్బు ప్రమాదం దాదాపు రెట్టింపు అవుతుందని అమెరికా నర్సుల మీద జరిగిన పెద్ద అధ్యయనం 1987లోనే చెప్పింది. అనవసరమైన గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ స్త్రీకి గుండెపోటు వస్తే ఆసుపత్రి కాగితం మీద ఏమని రాస్తారు? ‘కుటుంబ చరిత్ర ఉంది’ అనే. ఆ ఆపరేషన్ చేసిన నర్సింగ్ హోం పేరు ఎక్కడా ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, మన కార్యకర్తలు రేపటి నుంచే పట్టించుకోగలిగినది కాన్పు సంగతి. గర్భిణిగా ఉన్నప్పుడు బి.పి. పెరగడం, కాళ్ళూ ముఖమూ ఉబ్బడం, మూత్రంలో ప్రొటీను పోవడం మనకు తెలిసిన విషయమే. డాక్టర్లు ప్రీఎక్లాంప్సియా అంటారు. ముదిరి ఫిట్స్ వస్తే పల్లెల్లో గుర్రపువాతం అంటారు. కాన్పు అయితే బి.పి. దిగిపోతుంది. ‘గండం గడిచింది’ అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి అక్కడ మొదలవుతుంది అసలు కథ. ఇలా బి.పి. పెరిగిన వాళ్ళకు ఆ తర్వాత జీవితంలో గుండె జబ్బు వచ్చే అవకాశం మిగతా వాళ్ళకన్నా రెట్టింపు. శాశ్వతమైన బి.పి. వచ్చే అవకాశం సుమారు మూడున్నర రెట్లకు పైనే అని 2007లో అనేక అధ్యయనాలను కలిపి లెక్కవేశారు. గర్భంలో షుగరు వచ్చిన వాళ్ళకు ఆ తర్వాత చక్కెర వ్యాధి ప్రమాదం అనేక రెట్లు. షుగరు వచ్చిందంటే గుండె విషయంలో స్త్రీకి ఉన్న ఆ పదేళ్ళ వెసులుబాటు చాలావరకు పోతుంది. అమెరికా హృద్రోగ వైద్యుల సంఘం తన మార్గదర్శకాల్లో 2011లో గర్భిణీ చరిత్రను కూడా గుండె జబ్బు ప్రమాద సూచికగా చేర్చింది. గర్భం అంటే గుండెకు పెట్టిన పరీక్ష. ఆ పరీక్షలో వచ్చిన మార్కులు ఎవరూ దాచిపెట్టరు. తల్లీబిడ్డల కార్డు బిడ్డ టీకాలు అయిపోయేదాకానే ఇంట్లో ఉంటుంది.

ఇందులోనూ వంశం ఉంది, అయితే మనవాళ్ళు అనుకున్న తీరులో కాదు. ఈ జబ్బుతో ఉన్న తల్లికి పుట్టిన కొడుకు పెద్దవాడయ్యాక అతని భార్యకు కూడా ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువని అమెరికాలోని యూటా రాష్ట్రపు జనన రికార్డులు పరిశీలించి 2001లో చెప్పారు. బిడ్డలో తండ్రి జన్యువులూ ఉంటాయి, మాయ కూడా ఆ బిడ్డదే కదా. కాబట్టి ‘నీ పుట్టింటి రోగం’ అనే అత్తగారికి చెప్పడానికి మన దగ్గర ఒక జవాబుంది: అది మీ అబ్బాయి తెచ్చిందీ కావచ్చు అత్తయ్యా!

కడుపులో ఉన్నప్పటి సంగతి ఇంకొకటి ఉంది. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు పెద్దయ్యాక గుండె జబ్బుల మరణాలు ఎక్కువని ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ 1989లో చూపించాడు. తరతరాలుగా ఒక ఇంట్లో నడుస్తున్న జబ్బు, తరతరాలుగా ఆ ఇంటి కోడళ్ళకు తిండి చాలకపోవడం వల్ల కావచ్చునన్న మాట. దీనికి మన ఊళ్ళ నుంచే సాక్ష్యం ఉంది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గరి 29 గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక పని చేసింది. 15 గ్రామాల్లో అంగన్‌వాడీ పథకం కింద గర్భిణులకు, చిన్నపిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు. తక్కిన 14 గ్రామాలకు అప్పటికి ఆ పథకం రాలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్ళవాళ్ళయ్యాక మళ్ళీ పరీక్షిస్తే, ఉప్మా అందిన గ్రామాల పిల్లలు కాస్త పొడుగ్గా ఉన్నారు, వాళ్ళ రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి, ఇన్సులిన్ పని చేసే తీరు మెరుగ్గా ఉంది. ఈ ఫలితాలు 2008లో వచ్చాయి. బి.పి.లో, కొలెస్ట్రాల్‌లో అప్పటికి తేడా కనబడలేదు, అదీ చెప్పాలి. అయినా ఒక ప్లేటు ఉప్మా పదిహేనేళ్ళ తర్వాత రక్తనాళంలో కనబడిందంటే, అంగన్‌వాడీ బడ్జెట్టు గురించి మనం చేసే ధర్నా గుండె జబ్బుల ధర్నా కూడా.

వంశం మాటను చట్టం ఎలా చూసిందో ఒక ముక్క. గుండె కండరం మందమయ్యే జబ్బున్న ఒక పాలసీదారుకు ‘ఇది జన్యు వ్యాధి, మా షరతుల్లో మినహాయింపు ఉంది’ అంటూ ఇన్సూరెన్సు కంపెనీ డబ్బు ఇవ్వలేదు. ఆ కేసులో 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు, జన్యు వ్యాధులన్నిటినీ గంపగుత్తగా మినహాయించడం వివక్ష అని చెప్పింది. తర్వాతి నెలలోనే బీమా నియంత్రణ సంస్థ, జన్యు వ్యాధి అనే కారణంతో క్లెయిములు తోసిపుచ్చవద్దని కంపెనీలను ఆదేశించింది. జన్యు పరీక్షలు చవకవుతున్న కొద్దీ ఈ తగవులు కోర్టుల్లో కన్నా పెళ్ళిచూపుల్లో ఎక్కువ నడుస్తాయి. పరీక్ష ఫలితం ఆ స్త్రీ సొత్తు. ఆమె అనుమతి లేకుండా భర్తకైనా, అత్తమామలకైనా, పనిచేసే చోటైనా చెప్పే హక్కు ఎవరికీ లేదనే సూత్రాన్ని మనం ఇప్పటి నుంచే గట్టిగా పట్టుకోవాలి.

ఆ కోర్టు తీర్పు ఇన్సూరెన్సు ఉన్న వాళ్ళకు. లేని వాళ్ళకు ప్రభుత్వమే దిక్కు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదలకు గుండె ఆపరేషన్లు అందుబాటులోకి వచ్చిన మాట కాదనలేం. కానీ రక్తనాళం పూడుకున్నాక లక్షలు పెట్టే వ్యవస్థ, అది పూడుకోకుండా చూసే నెలవారీ బి.పి. మాత్రలను క్రమం తప్పకుండా ఇవ్వడంలో అంత పట్టుదల చూపలేదు. మాత్రలు అయిపోయి పదిహేను రోజులు ఆగితే ఆ పదిహేను రోజులూ బి.పి. ఆగదు. భర్త మాత్రలు కొనుక్కుని, డబ్బు చాలక తనవి మానేసే స్త్రీలు మనకు తెలుసు. బి.పి. అదుపు కోసం దేశంలో 2017-18లో మొదలైన కార్యక్రమంలో తొలి విడత రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఒకే తీరు చికిత్స, నెలకు సరిపడా మాత్రలు ఇంటికి దగ్గరి కేంద్రంలోనే, ఎవరు రాలేదో చూసుకునే రికార్డు. ఇదంతా రాకెట్టు విద్య కాదు. నిలకడగా జరగాలి, అంతే.

సంఘాల్లో ఉన్న మనం చేయగలిగిన పని ఒకటుంది. ఒక బి.పి. మిషను, ఒక నోటుపుస్తకం చాలు. నెలనెలా పొదుపు మీటింగుకు వచ్చే ప్రతి సభ్యురాలి పేరు పక్కన ఆ నెల బి.పి.తో పాటు మూడు విషయాలు ఒకసారి రాసుకోవాలి: ఏ కాన్పులోనైనా బి.పి. గానీ షుగరు గానీ వచ్చిందా, గర్భసంచి ఆపరేషన్ జరిగిందా, జరిగితే ఏ వయసులో, అండాశయాలు ఉన్నాయా. అమ్మ, అమ్మమ్మ ఎలా పోయారు. 140/90 దాటిన వాళ్ళను ఏ.ఎన్.ఎం. దగ్గరికి పంపాలి, పంపాక మాత్రలు దొరికాయో లేదో మర్నెల అడగాలి. కాన్పు కార్డులు పారేయకుండా బియ్యం కార్డుతో పాటు దాచుకోమని చెప్పాలి. మూడో ప్రశ్నకు చాలామంది వెంటనే జవాబు చెప్పలేరు. ఇంటికి వెళ్ళి పెద్దవాళ్ళను అడిగి రమ్మనండి. ఆ జవాబులు రాసుకోవడానికి పుస్తకంలో ఒక పేజీ ఖాళీగా వదలండి.